మాడీ మాడని పిండి, జిగురు బెండకాయ

అమెరికా దక్షిణాది రాష్ట్రం లూసియానాలో గంబో ఎలా వండాలన్న మాట ఎత్తితే చాలు, వాదన మొదలవుతుంది. టమాటా వేసేవాళ్లంటే వేయనివాళ్లకు చిన్నచూపు. బెండకాయ పడిన గిన్నెలో ఫిలే అనే ఆకు పొడి చల్లడం కొందరి దృష్టిలో అపచారం. పిండి ఎంత ముదురుగా వేగాలన్న దగ్గర అన్నదమ్ములకే పొసగదు. చూడబోతే అది కోడిమాంసం, పొగబెట్టిన సాసేజీ, రొయ్యలు, పీతలు వేసి గంటలకొద్దీ కాచిన ముదురు గోధుమరంగు పులుసు. వేడన్నం మీద పోసుకుని తింటారు. 2004లో ఆ రాష్ట్రం దాన్ని తన అధికారిక వంటగా ప్రకటించుకుంది కూడా. ఈ తగాదాలన్నీ పైకి రుచి గురించి అనిపిస్తాయి గానీ, కాస్త లోపలికి వెళ్లి చూస్తే చాలామటుకు చిక్కదనం గురించినవే. పలచటి ఎసరు చిక్కబడాలి. దేనితో చిక్కబడాలి? అందుకు బదులుగా ఏం వదులుకోవాలి? గంబో వండడమంటే ఈ బేరం తెగ్గొట్టుకోవడమే.

బేరం బెండకాయతో మొదలైంది. 1718లో ఫ్రెంచివాళ్లు న్యూ ఆర్లీన్స్ పట్టణానికి పునాది వేశారు. మరుసటి ఏడాదే ఆఫ్రికా నుంచి బానిసలను మోసుకొచ్చిన మొదటి ఓడలు లూసియానా తీరం చేరాయి. విత్తనానికి కొన్ని పీపాల వడ్లు తేవాలని, వరి సాగు తెలిసిన మనుషులను చూసి మరీ తేవాలని ఆ ఓడల కెప్టెన్లకు ఆజ్ఞలుండేవి. అంటే గంబో కింద పరుచుకునే అన్నం కూడా ఆ బందీల చేతి విద్యే. బెండకాయను చేపలతోనో మాంసంతోనో ఉడికించి అన్నంతో తినడం పశ్చిమ ఆఫ్రికాలో ఏనాటి నుంచో ఉన్న అలవాటు. సెనెగల్‌లో సూపు కంజా పేరుతో ఇప్పటికీ వండుతారు. లూసియానా గంబోకు తల్లివేరు అక్కడుంది. బానిసత్వంలో పుట్టి, చదవడం రాయడం రాని ఎబీ ఫిషర్ అనే ఆవిడ 1881లో శాన్‌ఫ్రాన్సిస్కోలో తాను చెబుతుంటే వేరేవాళ్లు రాసుకోగా ఒక వంటల పుస్తకం తెచ్చారు. అందులోని బెండకాయ గంబోలో గొడ్డు కాలి ఎముక కాచిన ఎసరు, బెండకాయ ముక్కలు, ఉప్పు, మిరియాలు, అంతే. వేయించిన పిండి ఊసే లేదు. చిక్కదనమంతా బెండకాయదే.

బెండ మనకు కొత్తేమీ కాదు. ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా పండించేది మనమే. పత్తి, గోంగూర, మందార దాని దగ్గరి చుట్టాలు. మందారాకు నలిపితే చేతికి అంటే జిగురు, బెండకాయ కోస్తే కత్తికి అంటే జిగురు ఇంచుమించు ఒకే జాతివి. ఆ జిగురంతా చక్కెర అణువులు ఒకదానికొకటి తగులుకుని ఏర్పడిన పొడుగాటి గొలుసులు. వాటిలో అక్కడక్కడా గాలక్ట్యురోనిక్ ఆమ్లం ముక్కలుంటాయి. ఆ ముక్కలకు రుణావేశం ఉంటుంది. ఒకే రకం ఆవేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కనుక గొలుసు ముడుచుకోకుండా సాగి ఉంటుంది, చుట్టూ బోలెడు నీళ్లు పట్టి ఉంచుతుంది. చింతపండు పులుసో, మజ్జిగో, టమాటానో తగిలిందంటే ఆ ఆవేశం అణగారిపోతుంది, గొలుసులు ముడుచుకుంటాయి, జిగురు తగ్గుతుంది. మన బెండకాయ పులుసు నోట్లో తీగలు సాగకపోవడానికి కారణం ఇదే. న్యూ ఆర్లీన్స్ నగరంలో క్రియోల్ అనే స్థానిక పద్ధతిలో వండేవాళ్లు గంబోలో టమాటా వేసినప్పుడు జరిగేదీ ఇదే.

ఇక్కడో సందేహం రావాలి. చిక్కదనం కోసమే బెండకాయ వేస్తున్నప్పుడు ఆ జిగురును పోగొట్టడానికి మళ్లీ ఎందుకు తంటాలు? తీగ సాగడం ఒక గుణం, చిక్కదనం వేరే గుణం. గరిటె ఎత్తితే తీగ సాగాలంటే గొలుసులు బాగా పొడుగ్గా, ఒకదాంట్లో ఒకటి చిక్కుపడి ఉండాలి. బెండకాయ చక్రాలను ఎసట్లో వేయకముందే విడిగా నూనెలో, మూత పెట్టకుండా పది పదిహేను నిమిషాలు వేయిస్తే నీరు ఆవిరైపోయి, వేడికి గొలుసులు కొన్ని తెగుతాయి. మొదట మూకుట్లో సాలెగూడులా కనిపించే దారాలు మెల్లగా మాయమవుతాయి. పొట్టిపడిన గొలుసులకు తీగ సాగే ఓపిక ఉండదు గానీ ఎసరును చిక్కబరచే బలం ఇంకా మిగిలే ఉంటుంది. లూసియానా ఇల్లాళ్లు దారాలు పోయేదాకా వేయించమంటారే తప్ప ఎన్ని నిమిషాలో చెప్పరు. గడియారం కంటే అదే సరైన కొలత. ఇనప మూకుట్లో వేయిస్తే ముక్కలు నల్లబడతాయి. రంగు మారడమే తప్ప హాని లేదు.

ఫ్రెంచివాళ్ల వాటా 'రూ'. కొవ్వులో గోధుమపిండి వేయించడమే రూ. ఫ్రాన్సులో దాన్ని ఎక్కువగా వెన్నలో, తెల్లగానో లేత బంగారు రంగులోనో ఉండగానే దించేస్తారు. లూసియానాకు వచ్చాక, నల్లజాతి వంటమనుషుల చేతుల్లో, కేజన్లనే ఫ్రెంచి సంతతివాళ్ల పల్లెల్లో అది అంతకంటే చాలా ముదిరింది. ఎనిమిది మందికి గంబో వండాలంటే ఒక కప్పు నూనె, ఒక కప్పు మైదా, మందపాటి అడుగున్న గిన్నె కావాలి. శుద్ధి చేసిన వేరుశనగ నూనె దీనికి చక్కగా సరిపోతుంది. వెన్న పనికిరాదు, రూ ముదరకముందే అందులోని పాల పదార్థం మాడిపోతుంది. నెయ్యికి ఆ బాధ లేదు, ఆ పదార్థమంతా కాచినప్పుడే గసిగా అడుగుకు చేరింది కదా.

నూనె కాగాక మైదా పోసి కలుపుతుంటే మొదట నురగ వస్తుంది. మైదాలో నూటికి 12 నుంచి 14 పాళ్లు నీరే. ఆ నీరు ఆవిరై పోతుంటే వచ్చే నురగ అది. నీళ్లున్నంతసేపు పిండి వేడి 100 డిగ్రీల దగ్గరే తచ్చాడుతుంది, రంగులో మార్పు ఉండదు. ఇక్కడే చాలామందికి ఓపిక నశించి మంట పెంచేస్తారు. పెంచకూడదు. నురగ అణిగి, పిండి నున్నగా, మొదటికంటే పలచగా గరిటె మీది నుంచి జారడం మొదలైందంటే నీరు పోయిందని గుర్తు. అక్కడి నుంచి వేడి చకచకా ఎక్కుతుంది. 140 డిగ్రీలు దాటాక రంగు తిరుగుతుంది. మొదట పేలాల వాసన. తర్వాత వేయించిన వేరుశనగ గుళ్ల వాసన, ఆ వెంటనే రాగి పైసా రంగు. అరగంట నుంచి ముప్పావుగంట లోపల కాఫీ గింజల వాసనతో చాక్లెట్ రంగుకు వస్తుంది. చివరి రెండు మెట్ల మధ్య వ్యవధి చాలా తక్కువ. పొయ్యి ఆపినా మందపాటి గిన్నెలోని వేడి దాన్ని వేయిస్తూనే ఉంటుంది కాబట్టి కావలసిన రంగుకు ఒక మెట్టు ముందే ఆగాలి. నల్లటి చుక్కలు కనిపించాయా, ఇక బాగుచేసే దారి లేదు. పారబోసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

ఈ రంగుకీ వాసనలకీ మూలం మైదాలోని అమైనో ఆమ్లాలు, చక్కెరలు వేడికి కలిసి సాగించే చర్యలు. 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామీ మయార్ దీన్ని వివరించాడు, ఆయన పేరే స్థిరపడింది. కానీ ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు వస్తుంది, ఏ దారిలో రంగు పుడుతుంది, ఏ దారిలో వాసన పుడుతుంది అన్నదాన్ని ఒక పటంలా గీసి చూపించినది జాన్ హాడ్జ్. అమెరికా వ్యవసాయ శాఖకు ఇల్లినాయ్ రాష్ట్రం పియోరియాలో ఉన్న ప్రయోగశాలలో పనిచేసిన నల్లజాతి రసాయన శాస్త్రవేత్త ఆయన. 1953లో ఆయన వేసిన ఆ పటంతోనే ఆహార రసాయనశాస్త్రం చదివే పిల్లలు ఇప్పటికీ ఈ పాఠం మొదలుపెడతారు. నల్లజాతి వంటగా పేరుపడ్డ గంబో గురించి రాస్తూ కూడా చాలామంది మయార్‌ను తలచుకుని హాడ్జ్‌ను వదిలేస్తారు. నాకది అన్యాయంగానే తోస్తుంది.

ఇక అసలు బేరం. మైదాలో ఇంచుమించు ముప్పాతిక వంతు పిండిపదార్థం. పచ్చి పిండిని నీళ్లలో కలిపి కాస్తే 60 డిగ్రీల చుట్టుపక్కల దాని రేణువులు నీళ్లు తాగి ఉబ్బుతాయి. లోపలి పొడుగు గొలుసులు కొన్ని బయటికి జారి నీళ్లలో అల్లుకుంటాయి. చిక్కదనమంటే అదే, పులుసు దించేముందు బియ్యప్పిండి నీళ్లు కలిపేది అందుకే. రూలో ఆ రేణువు నూనెలో ఉంది, తాగడానికి నీళ్లు లేవు. ఉబ్బే బదులు ఎండు వేడికి లోపలి గొలుసులు తునిగిపోతాయి. ఆ తునకలను డెక్స్‌ట్రిన్లు అంటారు. తర్వాత ఎసరు పోసినప్పుడు ఈ తునకలు కరుగుతాయే గానీ పొడుగు గొలుసుల్లా అల్లుకోలేవు. రంగు ముదిరేకొద్దీ తునిగే గొలుసులు పెరుగుతాయి, పిండికి చిక్కబరచే శక్తి పడిపోతూ వస్తుంది. కాఫీ వాసన కావాలంటే చిక్కదనం వదులుకోవాలి. చిక్కదనం కావాలంటే లేత రంగుతో సరిపెట్టుకోవాలి. రెండూ ఒకే కప్పు మైదాలో దొరకవు.

ఇది తెలియక మొదటిసారి వండేవాళ్లు, ఇంత పిండి పోసినా ఇంత పలచగా ఉందేమిటని కంగారుపడి చివర్లో పచ్చి మైదా నీళ్లు కలుపుతారు. చిక్కబడుతుంది, నిజమే, కానీ పచ్చిపిండి వాసన కష్టపడి తెచ్చిన వాసనను కప్పేస్తుంది. ముదురు రూ గంబో పలచగానే ఉంటుంది, ఉండాలి కూడా. ఆ లోటు పూడ్చడానికే బెండకాయ, ఫిలే, ఎముకల ఎసరు ఉన్నాయి. రూతో ఇంకో లాభముంది. ప్రతి రేణువుకూ నూనె పూత పట్టి ఉంటుంది కాబట్టి ఎసరు పోసినప్పుడు పిండి ఉండలు కట్టదు.

ఒక హెచ్చరిక. 200 డిగ్రీలకు దగ్గర్లో ఉన్న ఈ ముద్ద చేతి మీద చిందితే నీళ్ల చుక్కలా జారిపోదు, అంటుకుని కాలుస్తూనే ఉంటుంది. లూసియానా వంటవాళ్లు దీనికి, అంటుకుని మండే బాంబు పదార్థం పేరు మీద, కేజన్ నాపామ్ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. పొడుగు కాడ గరిటె వాడాలి, పిల్లలను వంటింట్లోకి రానివ్వకూడదు, మధ్యలో ఫోను మోగినా పట్టించుకోకూడదు. అంతసేపు నిలబడలేనివాళ్లు గిన్నెను 175 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి మధ్యమధ్య కలుపుతూ గంటన్నర, రెండు గంటలు ఉంచితే అదే రంగు వస్తుంది. సంప్రదాయవాదులు ఒప్పుకోరు గానీ రసాయన చర్యకు పొయ్యేదో ఓవెనేదో తెలియదు.

రూ రంగు పట్టగానే అందులో పడాల్సినవి ఉల్లిపాయ, సెలరీ, క్యాప్సికం. ఈ మూటిని అక్కడివాళ్లు క్రైస్తవ త్రిత్వం పేరుతో 'ట్రినిటీ' అంటారు. రెండు పెద్ద ఉల్లిపాయలు, మూడు సెలరీ కాడలు, ఒక క్యాప్సికం సన్నగా తరిగి, పిండి పొయ్యి మీద పెట్టకముందే సిద్ధంగా ఉంచుకోవాలి. వీటి పని రుచి ఒక్కటే అనుకుంటే పొరపాటు. కూరల్లో అధికభాగం నీరు. ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 2,260 జౌళ్ల వేడి కావాలి. అదే గ్రామును మంచు చల్లదనం నుంచి మరిగే దాకా తేవడానికి పట్టే వేడికి ఇది అయిదు రెట్లకు పైమాటే. ఆ వేడంతా రూ నుంచే లాగేసుకుంటాయి కనుక ముదరడం అక్కడితో ఆగిపోతుంది. చుయ్యిమన్న ఆ శబ్దం గిన్నెకు పడిన బ్రేకు. కూరలు తరుగుతూ కూర్చుంటే బ్రేకు దొరికేలోగా పిండి మాడుతుంది. ఉల్లి మెత్తబడ్డాక ఆరేడు వెల్లుల్లి రెబ్బలు నలిపి వేస్తారు.

ఎసరు రెండున్నర, మూడు లీటర్లు. ఇందులో ఉన్న చిక్కదనం కంటికి కనిపించదు. కోడి కాళ్లు, రెక్కలు, మెడల్లోని కొల్లాజెన్ సన్నసెగ మీద గంట, గంటన్నర ఉడికితే జెలటిన్‌గా మారి ఎసట్లో కలుస్తుంది; పెదవులకు కాస్త అంటుకున్నట్టు ఉండే నిండుతనం దానిదే. బ్రెస్టు ముక్కలు వేస్తే కొల్లాజెన్ పెద్దగా ఉండదు, మాంసం కూడా పీచులా ఎండిపోతుంది. రొయ్యల తలలు, పొట్టు విడిగా వేయించి అరగంట కాచి వడకట్టిన నీళ్లు కూడా పోస్తే మరీ మంచిది. లూసియానాలో ఆండూయీ అనే సాసేజీ వాడతారు. కట్టెల పొగలోని గ్వాయకాల్ వంటి పదార్థాలు కొవ్వులో కరిగి ఆ గిన్నెంతటికీ పొగ వాసన అద్దుతాయి. అది దొరకనిచోట పొగబెట్టిన ఏ సాసేజీ అయినా సరిపోతుంది. సాసేజీలో ఉప్పు ఎంతుందో ముందు తెలియదు కాబట్టి ఉప్పు చివరికి చూసుకోవాలి.

20వ శతాబ్దం మొదట్లో మొదలై 1970 దాకా సుమారు 60 లక్షల మంది నల్లజాతివాళ్లు దక్షిణాది వదిలి షికాగో, డెట్రాయిట్, లాస్ ఏంజిలస్ వంటి నగరాలకు వలసపోయారు. గంబో వాళ్ల వెంట వెళ్లింది. 1960లలో ఆ వలసవాళ్ల వంటలన్నిటికీ కలిపి సోల్‌ఫుడ్ అన్న పేరు వ్యాపించింది. ఆ ఇళ్ల గంబోలో పొగబెట్టిన టర్కీ మెడలో రెక్కలో తరచుగా కనిపిస్తాయి: చవక, కొల్లాజెన్ ఎక్కువ, పొగ వాసన ఉచితం. డబ్బు లేని వంటిల్లు ఎంచుకున్నది రసాయనశాస్త్రం ప్రకారం కూడా మంచి ఎంపికే. న్యూ ఆర్లీన్స్‌లో మిగిలిపోయినవాళ్ల సంగతికొస్తే, 1941లో మొదలైన డూకీ చేజ్ రెస్టారెంటులో లియా చేజ్ దశాబ్దాలపాటు గంబో వండారు. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి ఒక బల్ల దగ్గర కూర్చోవడమే చట్టవిరుద్ధమైన రోజుల్లో పౌరహక్కుల ఉద్యమకారులు ఆ హోటల్లో కూర్చుని, ఆవిడ గంబో తింటూ సమావేశాలు జరుపుకున్నారు. ఈస్టరు ముందు గురువారం ఆకుకూరలతో ఆవిడ వండే గంబో మరీ ప్రసిద్ధి. 2019లో 96 ఏళ్ల వయసులో ఆవిడ కన్నుమూశారు.

ఫిలే గురించి క్లుప్తంగా చెబితే చాలు. అది సాసాఫ్రాస్ చెట్టు ఆకులు ఎండబెట్టి దంచిన పొడి, చాక్టా తెగ ఆదివాసుల విద్య. ఆ చెట్టు మన దాల్చినచెక్క కుటుంబానిది. పొడిలో బెండకాయలోలాగే జిగురు గొలుసులుంటాయి, కానీ వీటిని మరిగిస్తే తాళ్లలా సాగుతాయి. అందుకే పొయ్యి దించాకో, కంచంలో వడ్డించాకో చల్లుతారు. బెండకాయ వేసవి పంట, ఫిలే ఏడాదంతా నిల్వ ఉండే పొడి. ఫ్రిజ్‌లు లేని కాలంలో ఒకటి ఉన్నప్పుడు రెండోదాని అవసరం పడేది కాదు. రెండూ కలపకూడదన్న నియమం అక్కడి నుంచే వచ్చి ఉంటుందని నా ఊహ. మన దగ్గర ఫిలే దొరకడం కష్టం కాబట్టి హైదరాబాదులో వండుకునేవాళ్లకు ఈ తగాదా లేనట్టే.

రొయ్యలు ఆఖరున. పచ్చి రొయ్య బూడిదరంగులో ఉండడానికి కారణం, దానిలోని అస్టాజాంథిన్ అనే ఎర్రటి రంగును ఒక మాంసకృత్తు గట్టిగా పట్టి ఉంచడం. వేడికి ఆ మాంసకృత్తు పట్టు వదిలేస్తుంది, ఎరుపు బయటపడుతుంది. రొయ్య ఎర్రబడి, కొద్దిగా వంగితే చాలు, మూడు నాలుగు నిమిషాల పని. గట్టిగా చుట్టుకుపోయిందంటే రబ్బరైపోయినట్టే. ఇక్కడ మన సంబంధం ఒకటుంది. గత పదేళ్లలో ఎక్కువ ఏళ్లు అమెరికాకు రొయ్యలు అమ్మడంలో భారతదేశానిదే మొదటి స్థానం, అందులో పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్ చెరువులది. భీమవరం వైపు పెరిగిన వనామీ రొయ్య ఏ టెక్సాస్ ఇంటి గంబోలోనో తేలడంలో ఆశ్చర్యమేమీ లేదు. లూసియానా జాలర్లకు మాత్రం ఇది మింగుడుపడని విషయం. దిగుమతి రొయ్యల ధరతో పోటీపడలేక వాళ్ల పడవలు ఒడ్డున పడ్డాయి. హోటళ్లు విదేశీ రొయ్యలు వాడితే ఆ సంగతి మెనూలో రాయాలని అక్కడి ప్రభుత్వం చట్టం చేసింది.

గంబో మర్నాటికి ఇంకా బాగుంటుందని అందరూ అంటారు, అది నిజమే. రాత్రంతా ఆగితే ముక్కల్లోకి ఉప్పు, వాసనలు ఇంకుతాయి, చల్లారిన కొవ్వు పైకి తేలి గడ్డకడుతుంది కాబట్టి గరిటెతో తీసేయడం తేలిక, కింద జెలటిన్ తొణకని జెల్లీలా పేరుకుంటుంది. కానీ అయిదు లీటర్ల గిన్నెను పొయ్యి మీదే వదిలేసి పడుకుంటే దాని నడిమి భాగం గంటలకొద్దీ గోరువెచ్చగా ఉండిపోతుంది. క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ అనే బాక్టీరియా బీజాలు మరిగే వేడికి కూడా చావవు, ఆ గోరువెచ్చదనంలో మొలకెత్తి వేగంగా పెరుగుతాయి. పెద్ద కుండ వంటలతో ఎక్కువ మందికి ఒకేసారి కడుపు చెడే సందర్భాల్లో తరచుగా దొరికే దోషి ఇదే. వెడల్పాటి పళ్లాల్లో పలచగా పరిచి, వేడి తగ్గగానే, రెండు గంటలు దాటకుండా ఫ్రిజ్‌లో పెట్టాలి. మర్నాడు మళ్లీ తెర్లేదాకా కాచాలి. రెండోసారి ఉడికితే రొయ్య గట్టిపడుతుంది కనుక రేపటికి తీసిపెట్టే వాటాలో రొయ్యలు వేయకుండా ఫ్రిజ్‌లో పచ్చివే ఉంచుకుని, తినబోయే ముందు వేసుకోవాలి. అన్నం ఏపూటకాపూట వండుకోవడం మేలు. నిల్వ అన్నంలో పెరిగే బాక్టీరియాది మరో కథ.